వేషం వదులుకోవడమే నిష్ఠా?

సినిమా నటుల గురించి మాట వస్తే ఇప్పుడు ఒకే కొలబద్ద వినిపిస్తోంది. ఏరికోరి సినిమాలు చేసేవాడు గొప్పవాడు. రెండేళ్లకో మూడేళ్లకో ఒక వేషం కట్టి, మధ్యలో వచ్చిన కథలన్నీ వెనక్కి పంపినవాడు నిష్ఠ ఉన్న నటుడు. ఏడాదికి పదీ పదిహేను సినిమాల్లో కనిపించేవాడు పొట్టకూటి నటుడు. పత్రికల్లో ఇదే మాట, టీవీ ఇంటర్వ్యూల్లో ఇదే మాట, మార్కాపురం టీకొట్టు దగ్గరా ఇదే తీర్పు. "ఎన్ని కథలు వద్దన్నారు?" అని అడిగితే నటుడు ఓ అంకె చెబుతాడు, చూసేవాళ్లు మెచ్చుకుంటారు. "ఒప్పుకున్న పాత్రకు ఎలా తయారయ్యారు?" అని అడిగేవాళ్లే కరువయ్యారు.

ఈ తీర్పుతో నాకు గట్టి పేచీ ఉంది. కథ విని తల అడ్డంగా ఊపడానికి నటన రానక్కర్లేదు. నిష్ఠ అనేది ఉంటే, అది వేషం ఒప్పుకున్న మర్నాటి నుంచి మొదలవుతుంది. ఈ మనిషి ఏ ఊరివాడు, కోపం వస్తే ఏం చేస్తాడు, తన కంటే పెద్దవాడి ముందు ఎలా కూర్చుంటాడు, అబద్ధం చెప్పేటప్పుడు ఎటు చూస్తాడు అని వెతుక్కుంటూ, కెమెరా ముందు నిలబడేదాకా పడే పాటులోనే నటుడి నిజం తెలుస్తుంది. ఆ పాటు సినిమా పెద్దదా చిన్నదా అని చూడదు. వేషం నిడివి ఎంతని లెక్కపెట్టదు.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. వద్దనే హక్కు ఎవరికుంది? గాదెలో గింజలున్నవాడికుంది. కాల్షీటు లెక్కన డబ్బు తీసుకునే సహాయ నటుడికి ప్రొడక్షన్ మేనేజరు ఫోను చేసి, రేపు పొద్దున్నే సెట్లో ఉండాలంటాడు. కథ చెప్పడు, సీను ఏమిటో చెప్పడు, కొన్నిసార్లు పాత్ర పేరు కూడా చెప్పడు. ఇంటద్దె, పిల్లల ఫీజులు, తల్లి మందులు గుర్తొచ్చి ఆ మనిషి సరే అంటాడు. అతన్ని "ఎంపిక లేని నటుడు" అనేసి, హాయిగా వద్దనగలిగినవాడిని "నిబద్ధుడు" అంటే మనం మెచ్చుకుంటున్నది నటననా, ఆస్తినా? కలిగినవాడి వెసులుబాటుకు కళ అని పేరు పెట్టి, లేనివాడి కష్టం మీద చవకబారు అని ముద్ర వేస్తున్నాం. ఇది సరికాదు.

జయప్రకాష్ రెడ్డి సంగతి చూద్దాం. "ఏరికోరి చేసే నటులు" అన్న జాబితాలో ఆయన పేరు ఎవరూ రాయరు. వందల సినిమాలు చేశారు. వాటిలో ఆడనివి ఉన్నాయి, నిలవనివి ఉన్నాయి, ఒకే అచ్చులో పోసినట్టున్న వేషాలూ ఉన్నాయి. అయినా నటుడి నిష్ఠ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు చూపించేది ఆయననే.

ఆయన పుట్టింది శిరివెళ్లలో. మా గిద్దలూరు నుంచి నల్లమల దాటి నంద్యాల చేరి, ఆళ్లగడ్డ రోడ్డు పట్టుకుంటే తగులుతుంది. తండ్రి పోలీసు ఉద్యోగి కావడంతో చదువు నెల్లూరులోనూ అనంతపురంలోనూ సాగింది. ఆ తర్వాత లెక్కల మాస్టారయ్యారు. పగలు బడి, రాత్రి నాటకం. ఆయన నాటకం చూసి మెచ్చిన దాసరి నారాయణరావు నిర్మాత రామానాయుడికి చెప్పారు. అలా 1988లో 'బ్రహ్మపుత్రుడు'తో సినిమాల్లోకి వచ్చారు. కొన్నేళ్లు చిన్నాచితకా వేషాలు వేసి, డబ్బుకు ఇబ్బందై 1992 ప్రాంతంలో మళ్లీ గుంటూరు వెళ్లి లెక్కలు చెప్పుకున్నారు. ఆ తిరుగుముఖాన్ని మన విమర్శకులు "వెనకబాటు" అంటారు. మధ్యతరగతి నటుడి జీవితంలో అది మామూలు సంగతి. నాటకం మాత్రం ఆయన మానలేదు.

1997లో 'ప్రేమించుకుందాం రా' వచ్చింది. సీమ ఫ్యాక్షన్ నాయకుడి వేషం. ఆ వేషాన్ని ఆయన పది కథల్లోంచి ఏరుకోలేదు, అది ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. వచ్చాక ఏం చేశారన్నదే నాకు ముఖ్యం. ఈ మనిషి సీమ మాటే మాట్లాడాలని పట్టుబట్టారు. పుట్టుకతో సీమవాడైనా పెరిగింది నెల్లూరు మాటల మధ్య. పాఠం చెప్పింది గుంటూరు పిల్లలకు. నాలుక మీద మూడు జిల్లాలు కలిసిపోయాయి. అందుకని నంద్యాల వైపు వెళ్లి, అక్కడి జనం మాట్లాడుకుంటుంటే చెవులొగ్గి విని, ఆ పలుకుబడిని పట్టుకొచ్చి సంభాషణల్లో పెట్టించుకున్నారు.

ఈ ప్రాంతం వాడిగా దీని విలువ నాకు బాగా తెలుసు. గుంటూరు నుంచి నంద్యాల పోయే రైలు దారి మా మీదుగానే సాగుతుంది. నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు, ఆపైన కొండల్లో పడి నంద్యాల. ఆ రైలు పెట్టెలో కూర్చుని కళ్లు మూసుకున్నా ఎక్కడి దాకా వచ్చామో ఎక్కేవాళ్ల మాటను బట్టి చెప్పొచ్చు. వినుకొండలో ఎక్కినామె దీర్ఘం వేరు, కంభంలో ఎక్కినాయన దీర్ఘం వేరు. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. కాగితం మీద జిల్లా మారింది కానీ మా పెద్దవాళ్ల నోట్లో "యాడికి పోతాండావప్పా" మారలేదు. పుల్లలచెరువు బజారులో నిలబడితే ఒక చెవికి పల్నాడు, ఇంకో చెవికి కర్నూలు వినిపిస్తాయి. సినిమావాళ్లు "సీమ యాస" అని ఒక్క మూటగా కట్టేసేది ఇలా ఊరూరికీ మారే మాటను. ఆ తేడా పట్టుకోవాలంటే ఊళ్లో తిరగాలి, వినాలి, తన నోటి అలవాటు మాన్పించుకోవాలి. లెక్కల మాస్టారికి ఆ ఓపిక ఉంది.

'సమరసింహారెడ్డి' (1999) మళ్లీ చూడండి. దాని దర్శకుడు బి. గోపాల్ ప్రకాశం జిల్లావారే. అందులో జయప్రకాష్ రెడ్డి వేసిన వీరరాఘవరెడ్డి మాట్లాడేటప్పుడు అరుపులు పక్కన పెట్టి, అరుపుకు ముందు వచ్చే నిదానాన్ని వినండి. కోపం ఎక్కేకొద్దీ మాట నెమ్మదిస్తుంది. వాక్యం చివరి అక్షరాన్ని సాగదీసి, దాని మీద బరువు పెట్టి వదులుతాడు. ఎదుటివాడి పేరు పలికే ముందు ఒక్క క్షణం ఆగుతాడు, ఆ ఆగడంలోనే బెదిరింపంతా ఉంటుంది. మా వైపు ఊళ్లలో పంచాయితీల్లో కూర్చున్న పెద్దరెడ్లను చూసినవాళ్లకు ఆ ఆగడం కొత్త కాదు. స్క్రిప్టు కాగితంలో అలాంటిది ఎవరూ రాసివ్వరు, నటుడే తెచ్చుకోవాలి.

అంతకు ముందు మన తెరమీద అధికారం ఉన్నవాడు, ప్రతినాయకుడైనా సరే, ఎక్కువగా కోస్తా పుస్తకభాషే మాట్లాడేవాడు. యాస వినిపించిందంటే నౌకరో హాస్యగాడో అయి ఉండాలి. 'ప్రతిఘటన' (1985)లో కోట శ్రీనివాసరావు తెలంగాణ మాటతో మంత్రి కాశయ్యగా భయపెట్టారు. దాన్ని తీసిన టి. కృష్ణ కూడా ప్రకాశం జిల్లా మనిషే. ఆ తర్వాత అంత బలంగా ఒక ప్రాంతపు నాలుకకు తెరమీద పెత్తనం ఇచ్చింది జయప్రకాష్ రెడ్డే. ఈ ఇద్దరిలో ఎవరూ "ఏడాదికి ఒక్క సినిమా" నటులు కారు.

ఇంకోటి చూడండి. సినిమాల్లో పేరొచ్చి, హాస్యపాత్రలు కుప్పలుగా పడుతున్న కాలంలో జయప్రకాష్ రెడ్డి 'అలెగ్జాండర్' అనే నాటకం ఆడారు. వంద నిమిషాలపాటు వేదిక మీద ఒక్కడే. రిటైరైన సైనికాధికారి, ఎదురుగా ఫోను, సాయం కోసం ఫోను చేసేవాళ్లు. మరో నటుడు లేడు, కట్ చెప్పేవాడు లేడు, రెండో టేకు లేదు. ఫోను పట్టుకుని వినడం నటనలో అన్నిటికంటే కష్టమైన పని. చెప్పడానికి మాటలున్నాయి, వినడానికి ముఖం ఒక్కటే ఉంది. అవతలివాళ్లు చెబుతున్నది ఎంతసేపు పడుతుందో నటుడు లోపల లెక్క కట్టుకుని, అంతసేపూ ముఖాన్ని బతికించి ఉంచాలి. ఒక్క క్షణం ముందు బదులిచ్చినా అబద్ధం బయటపడుతుంది, ఒక్క క్షణం ఆలస్యమైనా ఊపు పోతుంది. వయసు మీదపడ్డాక, కీర్తికీ డబ్బుకూ లోటు లేనప్పుడు, ఒక మనిషి ఈ పని నెత్తికెత్తుకున్నాడు. గుంటూరులో నెలనెలా నాటకాలు ఆడించే సభ కూడా నడిపారు. 2020 సెప్టెంబరు 8న అదే గుంటూరులో కన్నుమూశారు. "వచ్చినవన్నీ చేసిన నటుడు" అని ఆయన్ను తీసిపారేసేవాళ్లలో ఎందరు ఆ నాటకం చూశారు?

నటుడు వేషాన్ని ఎంచుకోవాలన్న ఈ ఆలోచన మన నాటక సంప్రదాయానికి బొత్తిగా పరాయిది. త్రిపురాంతకం, యర్రగొండపాలెం, పుల్లలచెరువు వైపు ఊళ్లలో తిరునాళ్లకో శ్రీరామనవమికో పద్యనాటకం పెడితే కాంట్రాక్టరు వేషాలు పంచుతాడు. కురుక్షేత్రంలో కృష్ణుడు ఒక్కడు కాదు. పడక సీనుకు ఒకటో కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. హరిశ్చంద్రలోనూ అంతే, కాటిసీను హరిశ్చంద్రుడి పేరు కరపత్రంలో వేరే అచ్చవుతుంది. అర్ధరాత్రి దాటాక, పిల్లలు గోనెపట్టాల మీద నిద్రపోయాక రంగం మీదికొచ్చే నటుడు ఆ సీను ఎంచుకోలేదు, అది అతని వంతుకు వచ్చింది. అతనికి ముందే ఒక కృష్ణుడు వన్స్‌మోర్లు కొట్టించుకుని వెళ్లిపోయాడు. కిరీటం అదే, నీలిరంగు అదే, పాత్ర అదే. కొత్తగా ఏం తెస్తాడు? రాగం ఎక్కడ ఆపాలో, మాట ఎక్కడ అందుకోవాలో తెలిసినవాడైతే నిద్రపోయే జనం లేచి కూర్చుంటారు. ఊరి ఆడవాళ్లు, బేల్దారులు, పలకల గనుల్లో పనిచేసి వచ్చిన మనుషులు, పద్యంలో సగం పదాలకు అర్థం చెప్పలేనివాళ్లు కూడా ఏ కృష్ణుడు పనివాడో ఇట్టే చెబుతారు. "నీకు ఈ సీను ఎందుకు ఒప్పుకోవాలనిపించింది?" అని ఆ నటుడిని ఎవరూ అడగరు.

సినిమాల్లోనూ అంతే. సూర్యకాంతం హీరోయిన్ కావాలని మద్రాసు వచ్చారు. గయ్యాళి వేషం ఆవిడ కోరుకున్నది కాదు. అదే పదే పదే వచ్చింది. ఆవిడ దాన్ని ఎంత లోతుగా చేశారంటే, తెలుగిళ్లలో ఆడపిల్లకు ఆవిడ పేరు పెట్టడానికే జంకారు. ఎస్వీ రంగారావు 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడు, 'బంగారుపాప'లో దొరికిన పసిబిడ్డతో మనిషిగా మారే మొరటు కోటయ్య, 'నర్తనశాల'లో కీచకుడు. ఆ కీచకుడికే 1964లో జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. తన స్థాయికి తగిన కథానాయక పాత్ర కోసం ఆయన ఎదురుచూస్తూ కూర్చుని ఉంటే మనకేం మిగిలేది?

మార్కాపురంలో పుట్టిన సుధాకర్ గురించి కూడా చెప్పాలి. 1978లో భారతీరాజా తీసిన 'కిళక్కే పోగుం రైల్'లో రాధిక పక్కన కథానాయకుడు. తమిళంలో కొన్నేళ్లు హీరోగా వెలిగారు. తర్వాత తెలుగులో హాస్యనటుడయ్యారు. ఈ కథను మనవాళ్లు ఎలా చెబుతారంటే, హీరోగా ఉన్నవాడు కమెడియన్‌గా దిగిపోయాడంటారు. దిగడం ఎందుకైంది? నవ్వించడం ఏడిపించడం కంటే తక్కువ పని అని ఎవరు తేల్చారు? సుధాకర్ గొంతును ఉన్నట్టుండి పైకెత్తి, మాటను ముక్కలు చేసి, దేహమంతా వణికించి చేసిన హాస్యం మన తెరమీద ఆయనకు ముందు లేదు. తెలుగు సినిమాకు ఒక కొత్త నవ్వు వచ్చింది. మా వైపువాడు హీరోగా ఆగిపోకుండా అది కనిపెట్టినందుకు నాకు గర్వంగా ఉంది.

ఎదుటివాళ్ల వాదంలో బలమైన ముక్క ఒకటుంది, దాన్ని దాటవేయను. వచ్చిన ప్రతి వేషమూ కట్టేస్తే, ఆ వేషాలు సమాజానికి చేసే చెరుపు మాటేమిటి? 'సమరసింహారెడ్డి' తర్వాత వరసగా వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలు సీమ మనిషంటే వేటకొడవలి, తెల్ల సుమో, బాంబు అనే బొమ్మను రాష్ట్రమంతా అచ్చుగుద్దాయి. మా పిల్లలు హైదరాబాదు హాస్టళ్లలో చేరి నోరు తెరిస్తే "మీదే ఊరు, బాంబులు తెచ్చావా?" అని అడిగించుకున్నారు. నంద్యాల, అనంతపురం పిల్లలకే కాదు, మాట కలిసిన పాపానికి మార్కాపురం పిల్లలకూ అది తగిలింది. ఆ గాయం నిజం. ఆ బొమ్మకు అంత నమ్మదగిన ముఖం ఇచ్చిన నటుడికి అందులో పాలు లేదని నేను అనను.

అయితే ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. మనస్సాక్షికి ఒప్పక వేషం వదిలేయడం ఒకటి. ఇమేజీకి సరిపోదనో, నిడివి చాలదనో, హీరో చేతిలో దెబ్బలు తినాలనో వదిలేయడం ఇంకొకటి. మొదటిది గౌరవించాల్సిన పని. సూర్యకాంతానికి ఒకసారి హిందీలో కథానాయిక అవకాశం వస్తే, అంతకుముందు పెట్టుకున్న నటిని తీసేసి తనకిస్తున్నారని తెలిసి ఆవిడ వద్దన్నారు. మరొకరి బాధ మీద వచ్చే వేషం ఆవిడకు అక్కర్లేదు. ఒక కులాన్ని, ఒక ఊరిని, ఒక అంగవైకల్యాన్ని ఎగతాళి చేసే పాత్రను నిరాకరించిన నటుడికి నేను చేతులెత్తి మొక్కుతాను. మన ఇంటర్వ్యూల్లో గొప్పగా చెప్పుకునే నిరాకరణలు చాలావరకు ఈ రకం కావు. అవి మార్కెట్టు లెక్కలు. ఆ లెక్కలు వేసుకోవడం తప్పని అనను, నిష్ఠ అనే మాట మాత్రం వాటికి చెల్లదు.

ఫ్యాక్షన్ బొమ్మ పాపంలో పెద్ద వాటా కథలు రాసినవాళ్లది, డబ్బు పెట్టినవాళ్లది, ఒకటి ఆడితే పది తీసినవాళ్లది. ఆ బొమ్మను విరగ్గొట్టడంలో కూడా జయప్రకాష్ రెడ్డి చెయ్యి ఉంది. 'ఢీ' (2007), 'రెడీ' (2008) లాంటి వాటిలో అదే రెడ్డిగారి మీసాన్ని, అదే మాటను నవ్వులోకి తిప్పారు. పదేళ్ల కిందట భయపడిన జనం ఆ మాట విని నవ్వుకున్నారు, ముద్దుచేశారు. తర్వాత తర్వాత దాన్నీ అరగదీశారన్నది నిజమే, ఆ హాస్యపాత్రల్లో కొన్ని ఆయన చేయకపోయినా లోటు లేదనే నా అభిప్రాయం.

ఇంగ్లీషు సినిమాల డేనియల్ డే లూయిస్‌ను అడ్డుపెట్టి వాదించేవాళ్లు ఉన్నారు. ఆయన సినిమాకూ సినిమాకూ మధ్య ఏళ్లు తీసుకున్నాడు, మూడుసార్లు ఉత్తమ నటుడి ఆస్కార్ అందుకున్నాడు. ఆయన గొప్పతనం మీద నాకు అనుమానం లేదు. కానీ ఆయన 'మై లెఫ్ట్ ఫుట్' కోసం ఎడమ పాదంతో రాయడం, బొమ్మలు గీయడం నేర్చుకున్నాడు కనుక గొప్పవాడు. మనం అందులోంచి తీసుకున్నది ఏళ్ల విరామాన్ని, వదిలేసింది ఎడమ పాదాన్ని. లేకపోతే బరువు పెరగడం, తగ్గడం అనే లెక్కల్ని తీసుకుంటాం, ఎందుకంటే కిలోలు పత్రికలో వేయడానికి వీలవుతుంది. ఎక్కడ ఆగాలో తెలిసిన గొంతును ఏ కాటా తూచలేదు.

ఈ కొలబద్ద వల్ల నష్టపోతున్నది మా వైపు కుర్రాళ్లు. యర్రగొండపాలెం, పుల్లలచెరువు, కంభం నుంచి నటన మీద ఆశతో హైదరాబాదు బస్సెక్కి కృష్ణానగర్ గదుల్లో దిగే పిల్లలకు "మంచి పాత్ర వచ్చేదాకా ఆగు, చిన్నవి చేస్తే ముద్ర పడిపోతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు పెరిగారు. ఆగితే అద్దె ఎవరు కడతారు? ఆగినవాడు ఏ పని మీద చెయ్యి తిప్పుకుంటాడు? తమ్ముడూ, రెండు ముక్కల కానిస్టేబులు వేషం వస్తే వెయ్యి. కానీ ఆ కానిస్టేబులు ఏ స్టేషనువాడో, రాత్రి డ్యూటీ చేసి వచ్చాడో లేదో, ఎస్సైకి సెల్యూట్ కొట్టేటప్పుడు లోపల ఏమనుకుంటాడో తేల్చుకుని మరీ వెయ్యి.

నిష్ఠ గురించి నటుడికి పాఠాలు చెప్పే పరిశ్రమ తన వంతు కూడా చెయ్యాలి. చిన్న నటుడికి సీను పేపరు షాటుకు అరగంట ముందు చేతిలో పెడతారు. మాటలు నోటికి రాకముందే లైటింగ్ అయిపోయిందంటారు, అసిస్టెంటు డైరెక్టరు పక్కనుంచి ప్రాంప్టింగ్ ఇస్తుంటే నటుడు చెవిని అటు పెట్టి కళ్లను ఇటు పెట్టి మాట్లాడతాడు. యాస పట్టుకోవడానికి ఊరికి వెళ్లే సంగతి అటుంచి, ఒక్క రాత్రి ఆ మాటల్ని నోట్లో తిప్పుకునే వీలు కూడా లేదు. తీరా చేశాక, గొంతు సరిపోలేదని వేరేవాళ్లతో డబ్బింగ్ చెప్పిస్తారు. భాష రాని నటులను తెచ్చుకుని, అరువు గొంతు పెట్టి, వాళ్ల పోస్టర్ల మీద నిబద్ధత అని రాస్తారు. 'అరుంధతి'లో పశుపతి పాత్రను తలచుకుంటే చెవిలో మోగేది డబ్బింగ్ చెప్పిన రవిశంకర్ గొంతు. పరాయి నటుల వరద మీద కోట శ్రీనివాసరావు బతికినన్నాళ్లూ బహిరంగంగానే మొత్తుకున్నారు.

కనుక సీను పేపరు ముందురోజు సాయంత్రమే ఇవ్వండి, ఆ పాత్ర ఎంత చిన్నదైనా సరే. తెలుగు మాట్లాడగలిగిన నటుడి చేత అతని గొంతుతోనే డబ్బింగ్ చెప్పించండి. ప్రాంతపు మాట కావాలనుకుంటే ఆ ప్రాంతంలో రెండు రోజులు తిరగడానికి బస్సు ఛార్జీ ఇవ్వండి. గుంటూరు నుంచి నంద్యాల దాకా ప్యాసింజరు టికెట్టు సెట్లో ఒక పూట టిఫిన్ల ఖర్చు కూడా కాదు. ఇక విలేకరులు ఎన్ని కథలు వద్దన్నారని అడగడం మానేసి, ఒప్పుకున్న ఒక్క వేషం గురించి, అందులో ఒక్క సీను గురించి, ఆ మాట ఎక్కడ విన్నారని అడగండి.